‘పూజకు మాత్రమే’ అని రాసిన పొట్లాలు

కిరాణా దుకాణంలో పసుపు రెండు చోట్ల ఉంటుంది. వంట సరుకుల మధ్య ఉండే పొట్లంపైన ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, తయారుచేసినవారి చిరునామా ఉంటాయి. ఊదుబత్తులు, కర్పూరం, వత్తుల మధ్య ఉండే పొట్లంపైన అమ్మవారి బొమ్మ, ఆ బొమ్మ కింద చిన్న అక్షరాలలో ‘పూజకు మాత్రమే’ అన్న మాట ఉంటాయి. కొన్నింటిపైన ‘తినుటకు కాదు’ అని కూడా ఉంటుంది. కుంకుమ పొట్లాలు, సిందూరం డబ్బాలు చాలావరకు ఈ రెండో చోటనే దొరుకుతాయి. కొనేవారికి అది భక్తితో రాసిన మాటలా కనిపిస్తుంది గానీ, ఆచరణలో ఆ ఒక్క మాట ఆ పొడిని రెండు చట్టాల నుంచి ఒకేసారి తప్పిస్తున్నది. తినే వస్తువు కాదు గనుక ఆహార భద్రతా అధికారి దాని నమూనా తీయడు. ఒంటికి పూసుకునే వస్తువని చెప్పలేదు గనుక సౌందర్య సాధనాలను తనిఖీ చేయవలసిన ఔషధ నియంత్రణ అధికారి కూడా దాని జోలికి రాడు.

పూజకు మాత్రమే పనికివచ్చే పసుపు కుంకుమలు మన ఇళ్లలో ఉండవు. గడపకు రాసిన పసుపే శుక్రవారం నాడు కాళ్లకూ మొహానికీ పూసుకుంటాం. దేవుని దగ్గర పెట్టిన కుంకుమనే నుదుటనూ పాపిటలోనూ పెట్టుకుంటాం, తొట్టెలలో పడుకున్న పసిబిడ్డకూ పెడతాం. పసుపు కలిపిన అక్షింతలను పెద్దలు తలపై చల్లితే, నేలపై రాలినవాటిని ఏరి నోట్లో వేసుకునే పిల్లలు లేని ఇల్లు ఏది? బొట్టు పెట్టిన వేళ్లతోనే ప్రసాదం పంచుతాం, అదే చేత్తో తీర్థం తీసుకుంటాం. బతుకమ్మ పండుగకు పసుపుతో గౌరమ్మను చేసి, ఆట ముగిసిన తర్వాత ఆ గౌరమ్మ పసుపునే ఒకరి పుస్తెలకు ఒకరం రాసుకుంటాం. నోటికీ ఒంటికీ దేవునికీ మధ్య మనం గీత గీసుకోలేదు. పొట్లం మీది ఆ మాట గీస్తున్నది, అదీ అమ్మేవాడి సౌకర్యం కోసం.

నేను హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం బోధిస్తాను. అందువల్ల ఈ పొడులలో ఏముండాలి, ఏముంటున్నది అన్న విషయాన్ని కొంత వివరంగా చెప్పదలచుకున్నాను.

అసలైన కుంకుమ పసుపు నుంచే పుడుతుంది. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థానికి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్లలో సున్నం కలిపితే నీళ్లు ఎర్రగా మారేదీ, పెండ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఎర్రగా ఉండేదీ ఇందువల్లనే. మా అత్తమ్మ వాళ్ల ఇంట్లో చేసే పద్ధతి వేరు. వాళ్లు పసుపు కొమ్ములను ముక్కలుగా కొట్టి, పటిక, వెలిగారం (బోరాక్స్) కలిపిన నిమ్మరసంలో బాగా తడిసేలా ఉంచి, నీడన ఎండబెట్టి, రోట్లో దంచి జల్లెడ పట్టేవారు. నిమ్మరసపు పులుపులో వెలిగారంలోని బోరాన్ పసుపుతో కలిసి ముదురు ఎరుపునిస్తుంది. ఆ కుంకుమ మరీ ధగధగ మెరవదు, తేలికగా ఉంటుంది, పసుపు వాసన పోదు. కొన్నాళ్లకు రంగు కాస్త మాగుతుంది. ఈ రెండు పద్ధతులలోనూ విషలోహం ప్రమేయం లేదు.

సిందూరం సంగతి వేరు. ఆంజనేయ స్వామికి నూనెతో కలిపి పూసే ఆ కాషాయపు పొడి, ఉత్తరాది స్త్రీలు పాపిటలో నింపుకునే ఎర్రని పొడి వ్యాపారంలో చాలాకాలంగా రెండు ఖనిజ పదార్థాల నుంచి వస్తున్నాయి. మొదటిది సీసాన్ని గాలిలో బాగా కాల్చగా వచ్చే ఎర్ర సీసం, అంటే నాగసిందూరం. ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే రంగులలోనూ, బ్యాటరీల తయారీలోనూ వాడేది ఇదే. దీని బరువులో 90 శాతానికి పైగా సీసమే. రెండోది ఇంగిలీకం, అంటే పాదరసం గంధకంతో కలిసిన ఎర్రని ఖనిజం. ఇందులో 86 శాతం పాదరసం. ఇంగిలీకం నీటిలో కరగదు గనుక పాదరసపు ఇతర రూపాలంత సులభంగా శరీరానికి పట్టదు. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది సీసమే, ఎందుకంటే అది చౌక, కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది, పిల్లల శరీరం దాన్ని పెద్దలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది.

వరంగల్ బీట్ బజారులో ఒక దుకాణంలో సిందూరం డబ్బా చేతిలోకి తీసుకుని చూశాను. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఆ ప్లాస్టిక్ డబ్బా, పక్కనే ఉన్న అదే కొలత కుంకుమ డబ్బా కంటే అరచేతిలో స్పష్టంగా బరువు తూగింది. మూత చుట్టూ కాషాయపు ధూళి పేరుకుని ఉంది, వేలితో తుడిస్తే వేలి గీతల్లోకి దిగింది, రుద్దినా వదలలేదు. తయారుచేసినవారి పేరు లేదు, ఊరు లేదు, అందులో ఏమేమి కలిపారో లేదు. ఇందులో ఏముంటుందని దుకాణదారుని అడిగితే, “రంగే మేడం, ఇంకేముంటది? గుళ్లెకు గూడ ఇదే పోతది, ఇన్నేండ్ల సంది ఎవ్వలు ఏమనలే” అన్నాడు. ఆయన మాటలో కపటం లేదు, ఆయనకు సరుకు తెచ్చి ఇచ్చేవాడు కూడా ఆయనకు ఇంతకంటే చెప్పి ఉండడు. ఎర్ర సీసం నీటికంటే ఎనిమిది రెట్లకు పైగా బరువైనది గనుక ఆ బరువు నన్ను ఆలోచింపజేసింది. అయితే బరువు అనుమానానికి మాత్రమే ఆధారం, నిర్ధారణ ప్రయోగశాలలోనే జరగాలి.

అలాంటి నిర్ధారణలు జరిగాయి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో పిల్లల రక్తంలో సీసం పెరగడానికి కారణం వెతుకుతూ వెళ్లిన వైద్యులు, భారతీయ దుకాణాలలో అమ్మే మసాలాలనూ పూజా పొడులనూ కొని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. అందులో మూడు సిందూరాలలో 47 శాతానికి మించి సీసం ఉన్నది. అంటే వాటి బరువులో దాదాపు సగం సీసమే. 2017లో రట్గర్స్ విశ్వవిద్యాలయం వారు న్యూజెర్సీలో కొన్న 95, మన దేశంలో కొన్న 23, కలిపి 118 సిందూరం నమూనాలను పరిశీలిస్తే, దాదాపు 80 శాతం నమూనాలలో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం కనిపించింది. గ్రాముకు 20 మైక్రోగ్రాములు, అంటే 20 పీపీఎం అన్న అమెరికా పరిమితిని దాటినవి అమెరికాలో కొన్నవాటిలో 19 శాతం, మన దేశంలో కొన్నవాటిలో 43 శాతం.

ఈ అంకెలు చూసి పొట్లాలన్నీ ఒకే రకమైన ప్రమాదమని అనుకోరాదు. ఒక చిన్న లెక్క వేస్తే ఈ తేడా బోధపడుతుంది. వేలికి అంటిన పొడిలో పది మిల్లీగ్రాములు, అంటే చిటికెడులో చిన్న భాగం, రోజులో ఎప్పుడో ఒకప్పుడు పిల్లవాడి నోట్లోకి పోయిందనుకుందాం. ఆ పొడిలో సీసం సరిగ్గా 20 పీపీఎం పరిమితిలోనే ఉంటే, లోపలికి పోయింది 0.2 మైక్రోగ్రాములు. పొడిలో ఒక శాతం సీసం ఉంటే 100 మైక్రోగ్రాములు. పొడి పూర్తిగా ఎర్ర సీసమే అయితే సుమారు 9,000 మైక్రోగ్రాములు. ఆహారం ద్వారా పిల్లల శరీరంలోకి రోజుకు 2.2 మైక్రోగ్రాములకు మించి సీసం పోరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక హెచ్చరిక రేఖ పెట్టుకున్నది. సంతాన వయసులో ఉన్న స్త్రీలకు ఆ రేఖ 8.8 మైక్రోగ్రాములు. అంటే పొడి బాగుంటే చింత లేనంత చిన్నగా, పొడి చెడ్డదైతే వేల రెట్లు పెద్దగా ఈ ప్రమాదం ఉంటుంది. కంటికి మాత్రం రెండూ ఎర్రగానే కనిపిస్తాయి.

చర్మం ద్వారా సీసం శరీరంలోకి దిగుతుందేమోనని చాలామంది భయపడతారు. ఈ రకమైన సీసం పగలని చర్మంలోంచి పెద్దగా పోదు. అందువల్ల నుదుటి బొట్టు కంటే బొట్టు పెట్టిన వేలు ముఖ్యం. తల్లి నుదుటి నుంచి, పాపిట నుంచి రాలిన పొడి దిండు మీదా చాప మీదా పడుతుంది. పాకే బిడ్డ ఆ చాప మీదే అరచేతులు ఆనించి, అవే వేళ్లు చీకుతుంది. దేవుని గది ముందు నేల మీద పడిన పొడిని పొడిగా ఊడ్చితే ధూళి లేస్తుంది, తడిబట్టతో తుడిస్తే లేవదు. విగ్రహం పాదాల దగ్గరి సిందూరం తీసుకుని నుదుట పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని అదే చేత్తో పులిహోర తినడం మనమందరం చేసే పనే. కొండగట్టుకు దీక్షతో వెళ్లే స్వాములు మండలం రోజులపాటు ప్రతి ఉదయం సిందూరం ధరిస్తారు. వారిలో చిన్న పిల్లలు కూడా ఉంటారు. ఏ ఆలయాన్నీ నేను వేలెత్తి చూపడం లేదు, ఆలయాలకు చేరే సరుకును అక్కడికి చేరకముందే పరీక్షించాలని అడుగుతున్నాను.

రక్తంలో చేరిన సీసం సుమారు నెల రోజులలో సగానికి తగ్గుతుంది గానీ, అందులో కొంత ఎముకలలోకి వెళ్లి పదుల సంవత్సరాలు అక్కడే నిలిచిపోతుంది. గర్భం దాల్చినప్పుడు శిశువు కోసం తల్లి ఎముకల నుంచి కాల్షియం కరిగినట్లే ఈ సీసం కూడా కరిగి, మాయను దాటి శిశువును చేరుతుంది. పెరుగుతున్న మెదడుకు అది చేసే నష్టం మళ్లీ పూడ్చలేనిది. చదువులో వెనుకబాటు, నిలకడ లేకపోవడం, త్వరగా చిరాకు పడడం వంటివి చాలా తక్కువ మోతాదులోనే మొదలవుతాయి, జ్వరంలా పైకి కనిపించే లక్షణం ఒక్కటీ ఉండదు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన రాష్ట్రం విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఇనుము లోపించిన శరీరం సీసాన్ని మరింత ఎక్కువగా పీల్చుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. సీసం కూడా రక్తం తయారు కాకుండా అడ్డుపడుతుంది. ఒకటి రెండోదానికి దారి తీస్తూ పోయే ఈ వలయంలో ఉన్న బిడ్డకు ఐరన్ సిరప్ తాగించి, చాప మీది పొడిని వదిలేస్తే సగం వైద్యమే అవుతుంది.

పసుపు విషయం కూడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పసుపు మన పంట. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల రైతు తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టి మార్కెట్‌కు తెచ్చే కొమ్ములో ఏ రంగూ అవసరం లేదు. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. కానీ రంగు తగ్గిన కొమ్ములకు మెరుపు తెప్పించడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపురంగు పొడిని అద్దే దురాచారం ఉపఖండంలో కొన్ని చోట్ల పాతుకుపోయింది. దాని బరువులో 64 శాతం సీసం, పైగా క్రోమియం. భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల నగరాలలో కొన్న పసుపును పరీక్షించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో, మన పాట్నాలో కొన్న పసుపులో గ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములకు మించిన సీసం కనిపించింది. పసుపులో సీసం 10 పీపీఎం మించరాదని మన ఆహార భద్రతా నిబంధన. తినే పసుపు పరిస్థితే ఇలా ఉన్నప్పుడు, నిబంధనే వర్తించని పూజ పసుపులో ఏమైనా కలపడానికి అడ్డెవరు?

ఐనవోలు మల్లన్న జాతరలో, కొమురవెల్లిలో పట్నాలు, అంటే స్వామి ముందు నేలపై రంగుల ముగ్గులు, వేసేటప్పుడు బండారి అనే పూజ పసుపును గుప్పిళ్లతో చల్లుతారు. మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు అది రోజంతా నుదుట, చేతుల నిండా పూసుకుని ఉంటారు, గాలిలో లేచిన బండారిని పీల్చుతారు. దాన్ని పొట్లాలు కట్టి అమ్మే ఆడవాళ్లు నెలల తరబడి ఆ ధూళిలోనే కూర్చుంటారు. మేడారంలో సమ్మక్క తల్లి కుంకుమ భరిణె రూపంలోనే గద్దెకు వస్తుంది. మొక్కు తీర్చుకునే ప్రతి కుటుంబం చేతిలో పసుపు కుంకుమల పొట్లం ఉంటుంది. ఇంత పవిత్రంగా చూసుకునే పొడిని ఎవరు, ఎక్కడ, దేనితో తయారుచేశారో అడగకుండా కొనడం నాకు బాధ కలిగిస్తుంది. అడగడం అపచారమని కొందరు పెద్దలు నాతో అన్నారు. తల్లికి సమర్పించే పొడి నిఖార్సయినదా అని చూసుకోవడం భక్తిలో భాగమేనని వారికి సవినయంగా చెప్పాను.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. సున్నంతో ఎర్రబడిన కుంకుమపై నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగులోకి వస్తుంది. ఏ మార్పూ లేకుండా ఎర్రగానే ఉండి, నీళ్లలో వేయగానే బరువుగా అడుగుకు దిగితే దాన్ని వాడకపోవడం మేలు. కానీ ఇలాంటి పరీక్షలు మోటు కల్తీనే పట్టుకుంటాయి, అర శాతం సీసం ఉంటే పట్టుకోలేవు. అందుకే మా ఇంట్లో తెలిసిన రైతు దగ్గర కొమ్ములు తీసుకుని, విరిచి చూసి, గిర్నీలో పట్టించి, అదే పసుపును వంటకూ పూజకూ వాడుతున్నాం. లోపలి రంగు కంటే పైపొర మరీ మెరుస్తూ, రుద్దితే చేతికి అంటుకునే కొమ్ములను తీసుకోము. పసిపిల్లల నుదుటికి కుంకుమ బదులు సగ్గుబియ్యం మాడ్చి చేసిన చాదు పెడుతున్నాం. ఇంట్లో చేసిన కుంకుమలో వెలిగారం ఉంటుంది గనుక అది కూడా వాళ్ల నోటికి దూరంగానే ఉండాలి. కళ్లకు పెట్టే కాటుక కూడా ఆముదపు దీపం మసితో ఇంట్లో చేసుకున్నదే తప్ప, బజారులో అమ్మే సుర్మా రాయి పొడి వాడము. ఆ రాయి చాలాసార్లు సీసపు ఖనిజమే.

ఇంట్లో చిన్నపిల్లలుండి, బరువుగా ఉండే సిందూరం ఏళ్లుగా వాడుతున్నవారు, ముఖ్యంగా గర్భవతులు, వైద్యునితో మాట్లాడి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవడం మంచిది. మామూలు రక్తపరీక్షలో ఇది ఉండదు, ప్రత్యేకంగా అడగాలి. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో సీసం 3.5 మైక్రోగ్రాములు దాటితే పిల్లల విషయంలో కారణం వెతకాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుంచి సూచిస్తున్నది. కారణమైన వస్తువును ఇంటి నుంచి తీసేయడమే మొదటి చికిత్స. తీసేసిన పొడిని కాలువలో కలపకుండా, గట్టిగా మూటకట్టి పక్కన పెట్టాలి.

వ్యక్తులుగా మనం చేసేది ఇంతవరకే. మిగిలినది ప్రభుత్వం చేయాలి, చేయగలదు కూడా. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు నమూనాలలో 47 శాతం లెడ్ క్రోమేట్ కలిసినవే. అక్కడి అధికారులు మార్కెట్లలోనే ఎక్స్‌రే యంత్రంతో సరుకు పరీక్షించి, కల్తీ చేసిన వ్యాపారులకు జరిమానాలు వేసి, ప్రజలకు విస్తృతంగా తెలియజేశారు. 2021 నాటికి ఆ 47 శాతం సున్నాకు చేరింది. ఆ యంత్రం చేతిలో పట్టుకునేంత చిన్నది. వరంగల్‌లో పెద్ద బంగారు దుకాణాలలో నగను పెట్టి క్షణాలలో క్యారెట్ చెప్పే యంత్రం పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. ఎనుమాముల మార్కెట్‌కు ఒకటి, నిజామాబాద్ యార్డుకు ఒకటి కొనడం మన రాష్ట్రానికి భారమైన పని కాదు.

రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు కలిపిన సౌందర్య సాధనాల తయారీని మన నిబంధనలు ఇప్పటికే నిషేధించాయి, 2020 కాస్మెటిక్స్ నియమాలలోనూ ఆ నిషేధం ఉన్నది. కుంకుమ పొడికి భారత ప్రమాణాల సంస్థ ప్రమాణం కూడా ఉన్నది. కావలసింది ఈ పూజా పొట్లాన్ని ఆ నిబంధనల కిందికి తేవడమే. అంతవరకు ఆగనవసరం లేకుండా దేవాదాయ శాఖ ఒక పని చేయవచ్చు. జాతరలలో కొబ్బరికాయలు, పూజా సామగ్రి అమ్మే హక్కును ఆలయాలు వేలం వేస్తాయి. తయారీదారు పేరు, చిరునామా, సరుకులోని పదార్థాలు, ఆ విడత సరుకు సీసం పరీక్ష ఫలితం లేని పసుపు, కుంకుమ, బండారి, సిందూరం అమ్మరాదని ఆ వేలం షరతులలో ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది. ఐనవోలు జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది గనుక, ఈ షరతు అంతకుముందు జరిగే వేలంలోనే చేరాలని కోరుతూ మా కాలనీ మహిళలం ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాం.